ముందు లీడర్ కొలవండి, తర్వాత రాడ్ కొనండి

(డెట్రాయిట్ శివార్లలో చలికాలం శనివారాల్లో కలుసుకునే మన తెలుగువాళ్ళ మధ్య, మిషిగన్ సరస్సు మీద పన్నెండేళ్ళుగా చేపలు పడుతున్న ఒక మిత్రుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? మైకు అక్కర్లేదులెండి. కాలవకి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్నవాళ్ళతో కబుర్లాడి పెరిగిన గొంతు ఇది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇవాళ చేపలు పట్టడం అంతా నేర్పడానికి రాలేదు నేను. రాడ్ పొడవు గురించి మాట్లాడదామని వచ్చాను. అది కూడా ఒక్క రకం పనికి. పడవని మెల్లగా నడుపుతూ వెనక లైన్లు లాక్కుంటూ పోయే ట్రోలింగ్‌కి, అందులోనూ లైనుకి డైవర్ కట్టి లాగే పద్ధతికి. బయల్దేరుతుంటే మా ఆవిడ అడిగింది, "కర్ర పొడవు గురించి అంతసేపు ఏం చెప్తారండీ" అని. మరి ఆ కర్ర పొడవు తెలియకే కదా మొదటి రెండేళ్ళు ఖాళీ ఐస్ పెట్టెతో ఇంటికొచ్చాను! ఆవిడకి గుర్తులేదు గానీ నాకు గుర్తుంది.

ఇదిగోండి, మూడు రాడ్లు తెచ్చాను. ఇది 7 అడుగులది. ఇది 8½. గోడకి ఆనించినది 10½. ఆ పెద్దది మా వ్యాన్‌లో డ్యాష్‌బోర్డు మీంచి వెనకద్దం దాకా ఏటవాలుగా పడుకుని వచ్చింది, మా అబ్బాయి దారంతా తల ఓ పక్కకి వంచుకు కూర్చున్నాడు. బాబూ, సారీరా. ఈ మూడిట్లో ఏది మంచిది? షాపుకెళ్ళి అడిగితే ఏం చెప్తారు? "మీ బడ్జెట్ ఎంత" అంటారు. ఎవరూ "మీ లీడర్ ఎంత పొడవు" అని అడగరు. అడగాల్సిందల్లా అదే. లీడర్ అంటే డైవర్ నుంచి గాలం దాకా ఉండే తాడు.

సరే, డైవర్ అంటే ఏంటో తెలియనివాళ్ళు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. మంచిది. సంక్రాంతికి గాలిపటం ఎగరేశారా లేదా? ఎగరేసే ఉంటారు. గాలిపటానికి సూత్రం కడతాం కదా, అది సరిగ్గా కుదిరితే ఏమవుతుంది? కాగితం గాలికి ఏటవాలుగా నిలబడుతుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. డైవర్ అంటే నీళ్ళల్లో తలకిందులుగా ఎగిరే గాలిపటం, అంతే. ఈ గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ చూడండి. చేతికివ్వండి, అందరూ చూస్తారు. డిప్సీ డైవర్ అంటారు దీన్ని. ఈ పెద్దది 4 అంగుళాల పైచిలుకు, ఆ చిన్నది మూడుంపావు. పడవ లాగుతుంటే నీళ్ళు దీన్ని కిందకి తోస్తాయి. కింద ఈ చక్రం తిప్పుతున్నారు కదా, దాని మీద అంకెలున్నాయి చూశారా? 0 నుంచి 3 దాకా, ఎడమకీ కుడికీ. దానికో బరువు ఉంది. 0 మీద పెడితే తిన్నగా పడవ వెనకే దిగుతుంది. 3 మీద పెడితే బరువు పక్కకి జరిగి, బిళ్ళ ఒరిగి, పడవకి దూరంగా పక్కకి పోతూ దిగుతుంది. పక్కకి ఎంత పోతే లోతు అంత తగ్గుతుంది. మోటు లెక్క చెప్పాలంటే, 3 మీద పెట్టి 100 అడుగుల లైను వదిలితే అందులో మూడో వంతు లోతు దిగుతుందనుకోండి. వేగాన్ని బట్టీ, లైను మందాన్ని బట్టీ మారుతుంది.

ఇంకో తమాషా ఉంది దీంట్లో. చేప కొట్టినప్పుడు, లేదా మనం రాడ్‌తో గట్టిగా ఒక్క గుంజు గుంజినప్పుడు, ఈ క్లిప్పు ఊడిపోతుంది. సూత్రం తెగిన గాలిపటం ఏమవుతుంది? అలాగే ఇదీ బలమంతా పోయి చప్పగా పడుకుంటుంది. అప్పుడు లాక్కోవడం తేలిక. ఊడకపోతే? ఊడకపోతే బిందెని కాలవలో ఎదురీతగా లాగినట్టుంటుంది, చేతులు పడిపోతాయి.

"ఇంత గొడవెందుకు, బరువు కట్టి కిందకి దింపెయ్యొచ్చు కదా" అంటారు. దింపుతాం, దానికి డౌన్‌రిగ్గర్ ఉంది, అదీ వాడతాం. కానీ అది పడవ కిందనే దిగుతుంది. ఇప్పుడు ఈ సరస్సుల నీళ్ళు ఎలా ఉన్నాయో చూశారా? అద్దం. ఎప్పుడూ ఇలా లేవండి. మన పక్కనే, సెయింట్ క్లెయిర్ సరస్సులో, 1988లో మొదటిసారి జీబ్రా మసెల్స్ కనబడ్డాయి. సముద్రం మీంచొచ్చే ఓడలు అడుగున నింపుకున్న నీళ్ళతో పాటు మోసుకొచ్చిన గుల్లలు అవి. వాటి వెనకే క్వాగా అని ఇంకో రకం. ఈ గుల్లలు నీళ్ళని వడకట్టి వడకట్టి, అందులో ఉన్న నాచునంతా తినేశాయి. నీళ్ళు తేటపడ్డాయి. మనకి చూడ్డానికి అందంగా ఉంది, చేపకి పడవ నీడ కనబడుతోంది. అందుకని పడవకి దూరంగా, పక్కకి తీసుకెళ్ళే సాధనం కావాలి. అదే డైవర్.

అసలు మిషిగన్ సరస్సులో శాల్మన్ మొదట్నుంచీ లేదు తెలుసా? ఇది చెప్పకుండా ముందుకెళ్ళలేను, నాకు ఇష్టమైన కథ. అట్లాంటిక్ నుంచి కాలవల ద్వారా ఏల్‌వైఫ్ అనే చిన్న చేప వచ్చి పడింది. దాన్ని తినే పెద్ద లేక్ ట్రౌట్‌ని అప్పటికే లాంప్రే అనే రక్తం పీల్చే జీవి పీల్చి పిప్పి చేసేసింది. తినేవాళ్ళు లేక ఏల్‌వైఫ్ విపరీతంగా పెరిగిపోయి, 1967 వేసవిలో మిషిగన్ సరస్సు ఒడ్డుకి గుట్టలు గుట్టలుగా చచ్చి కొట్టుకొచ్చాయి. దానికి ఏడాది ముందే, 1966లో, హోవార్డ్ టానర్ అనే రాష్ట్ర మత్స్యశాఖ అధికారి పసిఫిక్ కోహో శాల్మన్ పిల్లల్ని తెచ్చి ప్లాట్ నదిలో వదిలించాడు. 1967లో చినూక్. మనం కింగ్ అంటామే, అది. ఇవి ఏల్‌వైఫ్‌ని తిని బలిశాయి. మరి హ్యూరాన్ సరస్సు మనకి దగ్గర కదా, నాలుగ్గంటలు కారు నడిపి మిషిగన్ సరస్సు ఒడ్డునున్న లడింగ్టన్ దాకా ఎందుకెళ్తానని అడుగుతారు కొందరు. హ్యూరాన్‌లో 2003, 2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలింది, దాంతో అక్కడి కింగ్ కూడా పోయినట్టే అయింది. తిండి లేకపోతే చేప ఉండదు. అందుకే అంత దూరం. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్లో ఇవి గుడ్లు పెట్టడానికి నది మొహాలకి చేరతాయి, అచ్చం మన పులసలాగే. ఆ సామెత నేను చెప్పను, మీ అందరికీ వచ్చు, పైగా ఇక్కడ పుస్తెలున్నవాళ్ళు నావైపు కోపంగా చూస్తున్నారు.

ఇక రాడ్ సంగతి.

నా మొదటి రెండు డైవర్ రాడ్లు ఇదిగో, ఈ 7 అడుగులవి. ఎందుకు కొన్నాను? కారు డిక్కీలో పట్టాయి కాబట్టి. నిజం అంతే. మా బావమరిదీ నేనూ, 18 అడుగుల పడవ, లడింగ్టన్ దగ్గర, ఆగస్టు. తెల్లారుజామున, ఇంకా సూర్యుడు రాలేదు. కుడి పక్క రాడ్ ఒక్కసారి నీళ్ళల్లోకి వంగింది. రీల్ అరుపు మొదలెట్టింది. ఆ అరుపు విన్నవాళ్ళకి తెలుసు, కడుపులో ఏదో అవుతుంది. ఇరవై నిమిషాలు లాగాను. చేయి లాగేసింది, నడుం లాగేసింది. ఆఖరికి చేప పైకి తేలింది. వెండి పళ్ళెంలా పక్కకి తిరిగింది. పెద్దది. మా వాడు వల పట్టుకుని వెనక అంచున కూర్చున్నాడు.

"బావా, ఇంకా రానీ, ఇంకా రానీ!"

"రాదురా! డైవర్ కొసకి వచ్చేసింది!"

అర్థమైందా ఏమైందో? లైను రీల్‌లోకి చుట్టుకుంటుంది. కానీ ఈ డైవర్, ఈ బిళ్ళ, రాడ్ కొసన ఉన్న కన్నంలోంచి దూరదు. ఎలా దూరుతుంది? అక్కడ ఆగిపోతుంది. దాని వెనక ఉన్న తాడు, లీడర్ అంటాం, అది ఎంత పొడవుంటే చేప రాడ్ కొసకి అంత దూరంలో ఉంటుంది. ఇంక చుట్టడానికి ఏమీ లేదు. ఆ రోజు నా లీడర్ డైవర్ నుంచి ఫ్లాషర్ దాకా 6½ అడుగులు. ఫ్లాషర్ అంటే నీళ్ళల్లో తళుక్కుమంటూ గింగిరాలు తిరిగే రేకు, అది ముప్పాతిక అడుగు. దాని వెనక ఫ్లై, అంటే కుచ్చు కట్టిన గాలం, అక్కడి దాకా 2 అడుగులు. కూడితే 9 అడుగులు దాటింది. రాడేమో 7 అడుగులు. నేను పడవలో వెనక్కి, వెనక్కి నడిచాను, నడిచి నడిచి వెన్ను అద్దానికి తగిలింది. రాడ్ నెత్తి మీదకెత్తాను. అయినా చేప పడవకి మూరెడు దూరంలోనే గుండ్రంగా తిరుగుతోంది. మా వాడి వల అందదు. వాడు ఇంక ఓపిక పట్టలేక, వల కింద పడేసి, చేత్తో లీడర్ పట్టుకు లాగాడు.

చేత్తో ఎప్పుడైతే పట్టాడో, రాడ్‌కి ఉన్న సాగుడు మొత్తం పోయింది. ఇప్పుడు చేపకీ మనిషికీ మధ్య సాగేది ఏమీ లేదు. అది తల ఒక్కసారి విదిలించింది. టక్. ముడి దగ్గర తెగింది. చేప కాసేపు అక్కడే ఉంది, అదేం వింతో, పడవ పక్కనే ఒక క్షణం నిలబడి మమ్మల్ని చూసి, తోక కొట్టి దిగిపోయింది. నా ఫ్లై దాని మూతిలోనే ఉంది. మా వాడు నాలుగు నెలలు ఆ మాట ఎత్తనివ్వలేదు.

రేవుకి వచ్చాక పక్క పడవలో చేపలు శుభ్రం చేసుకుంటున్న ఒక పెద్దాయన మా రాడ్ వంకా, లీడర్ వంకా చూసి నవ్వాడు. లీడర్‌ని తీసి రాడ్ పక్కన పెట్టి కొలిచి చూపించాడు. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం ఏముంది?

అందుకని నా మొదటి లెక్క ఇది. డైవర్ వెనక ఉన్నదంతా, కొస గాలం దాకా, టేపు పెట్టి కొలవండి. అది మీ రాడ్ పొడవుని దాటకూడదు. దాటితే అడుగు దాటొచ్చు, అదీ పొడుగు కర్ర ఉన్న వల ఉండి, వెనక్కి నడవడానికి పడవలో చోటుంటే. అంతకుమించి దాటితే నా కథే మీ కథ. ఫ్లాషర్, ఫ్లై లాగుతారా? లీడర్ 8 నుంచి 9 అడుగులు తేలుతుంది, రాడ్ 9 నుంచి 10½. ఒట్టి స్పూన్, అంటే చెంచాలాంటి రేకు ఎర, లాగుతారా? 5, 6 అడుగుల లీడర్ చాలు, 8½ రాడ్ హాయిగా సరిపోతుంది. "లీడర్ తగ్గించేసుకుంటే పోలా, చిన్న రాడే వాడొచ్చు" అంటారా? స్పూన్‌కి అయితే తగ్గించండి. ఫ్లాషర్‌కి తగ్గిస్తే డైవర్ వెనక సుడుల్లో అది సరిగ్గా తిరగదు, ఈడ్చుకుంటూ పోతుంది. పైగా నీళ్ళు తేటగా ఉన్నప్పుడు ఎర డైవర్‌కి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని నా అనుభవం. దీనికి ఒప్పుకోనివాళ్ళున్నారు, డైవర్ రంగు చూసే చేప వస్తుందంటారు. ఉండొచ్చు. రాత్రి పడవల్లో ఇలాంటి వాదనలకి అంతుండదు.

రెండో సంగతి. ఒక్కో పక్క ఎన్ని డైవర్లు లాగుతారు? మిషిగన్‌లో మనిషికి మూడు లైన్లు వెయ్యొచ్చు. ఇద్దరు మనుషులంటే ఆరు. డౌన్‌రిగ్గర్లు రెండు తీసేస్తే నాలుగు డైవర్లు. పక్కకి రెండు. ఇక్కడే అందరూ చిక్కులు పడతారు, చిక్కులు అంటే నిజం చిక్కులే, దారం చిక్కులు. రెండు రాడ్లూ ఒకే పొడవు కొంటారు. ఎందుకంటే జతగా అమ్ముతారు, చూడ్డానికి బావుంటుంది.

అలా వద్దు. బయటి డైవర్‌కి పెద్ద రాడ్, 10 లేదా 10½. దాని చక్రం 3 మీద పెట్టండి. లోపలి డైవర్‌కి చిన్నది, 8½ నుంచి 9. చక్రం 1 మీద. పెద్దది ముందు హోల్డర్‌లో, చిన్నది వెనక హోల్డర్‌లో. రెండూ పడవకి అడ్డంగా, నీళ్ళకి సమాంతరంగా, పక్షి రెక్కల్లా చాపి ఉండాలి. ఆకాశంలోకి నిలబెట్టకండి, జెండా కర్రల్లా. నిలబెడితే అంత పొడవు రాడ్ కొన్న డబ్బు దండగ.

ఇప్పుడు ఇక్కడ ఇంజనీర్లు చాలామంది ఉన్నారు, ఎవరో ఒకరు లెక్కేస్తారు. పడవ వెడల్పు 8 అడుగులు. 7 అడుగుల రాడ్ పెడితే పిడి దగ్గర ఒకటిన్నర అడుగు హోల్డర్‌లో పోతుంది, 5½ బయటికొస్తుంది. రెండు పక్కలా కలిపితే కొసకి కొస 19 అడుగులు. 10½ పెడితే 9 బయటికొస్తుంది, 26 అడుగులు. "ఏడడుగులు పెరిగిందంతే కదా, డైవర్ అయితే పదుల అడుగులు పక్కకి తీసుకెళ్తుంది, రాడ్ చేసే ఉపకారం ఎంత?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. నేనూ అలాగే అనుకున్నాను. దూరంగా ఉన్నప్పుడు నిజంగానే పనంతా డైవర్‌ది. కానీ లాక్కొచ్చేటప్పుడో? క్లిప్పు ఊడిపోయింది, డైవర్ చప్పబడింది, ఇంక అది పక్కకి పోదు. తిన్నగా రాడ్ కొస వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఆఖరి ముప్ఫై నలభై అడుగుల్లో, చేప అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు, పక్క లైనుకీ దీనికీ మధ్య ఉన్న ఎడం ఎంత? రెండు రాడ్ల కొసల మధ్య ఎంత ఉంటే అంత. అది అడుగు, రెండడుగులైనా ఉండాలి. ఒకే పొడవు రాడ్లు పెట్టినప్పుడు ఆ ఎడం సున్నా. దూరంలో పని డైవర్‌ది, దగ్గర్లో పని రాడ్‌ది. మలుపు తిప్పేటప్పుడు కూడా ఇదే. లోపలి పక్క లైన్లు వదులై ఒకదాని మీదకి ఒకటి వస్తాయి. అప్పుడు ఈ రెండడుగులే కాపాడతాయి.

మూడో సంగతి మెత్తదనం. పొడవు గురించి మాట్లాడుతూ మెత్తదనం దగ్గరికెందుకొచ్చానంటే, ఈ రెండూ విడదీయలేం. డైవర్‌కి నైలాన్ లైను వాడం. సాగుతుంది, దూరంగా ఉన్న డైవర్ క్లిప్పు ఊడగొట్టాలంటే ఎంత గుంజినా సాగుడులోనే పోతుంది. అందుకని బ్రెయిడ్, అంటే అల్లిన దారం, వాడతాం, లేకపోతే స్టీలు వైరు. ఇవి అస్సలు సాగవు. సాగని లైనుకి ఇరవై పౌన్ల చేప ఒక్కసారి తగిలితే దెబ్బ ఎక్కడ పడుతుంది? ముడి మీద, గాలం మీద, చేప మూతి మీద. ఆ దెబ్బ తినాల్సింది రాడ్. పొడవాటి మెత్తటి రాడ్ వంగి వంగి ఆ దెబ్బని మింగేస్తుంది. వెదురు బొంగు తీసుకోండి, మూరెడు ముక్క వంచగలరా? అదే పన్నెండడుగుల బొంగు అయితే వేలితో ఊపినా ఊగుతుంది. మధ్యలో స్నబ్బర్ అని ఒక రబ్బరు ముక్క కట్టుకునేవాళ్ళూ ఉన్నారు, మంచిదే. కానీ దాని పొడవు కూడా లీడర్ లెక్కలోకే వస్తుంది, మర్చిపోకండి.

మెత్తటి కొసకి ఇంకో లాభం ఉంది. అది మీతో మాట్లాడుతుంది. డైవర్ సరిగ్గా పనిచేస్తుంటే కొస ఒక తాళంలో తల ఊపుతూ ఉంటుంది. పచ్చికో, ఆకో గాలానికి తగులుకుంటే ఆ తాళం మారుతుంది. చిన్న చేప తగిలి క్లిప్పు ఊడకుండా వెనక వేలాడుతుంటే కొస చిన్నగా, అడ్డదిడ్డంగా వణుకుతుంది. బిరుసు రాడ్ ఏమీ చెప్పదు. గంటసేపు అరచెయ్యంత చేపని ఈడ్చుకు తిరిగిన రోజులున్నాయి నాకు, పాపం అది.

వైరు వాడేవాళ్ళకి ఒక్క మాట. వైరు సన్నగా ఉంటుంది, నీళ్ళని కోసుకుంటూ పోతుంది, ఎక్కువ లోతు దిగుతుంది. కానీ మామూలు రాడ్ కొసలో ఉండే పింగాణీ రింగుని కూడా కోస్తుంది, గాడి పడుతుంది, ఆ గాడిలో వైరు నలుగుతుంది. కొసన చిన్న రోలరో, స్ప్రింగులాంటి ట్విలీ టిప్పో వేయించండి. వైరు వదులైతే చాలు, మెలిపడి ముడి పడుతుంది. ఒకసారి మెలిక పడిన వైరుని నమ్మకండి, అక్కడికి కత్తిరించెయ్యండి.

అయితే పొడవెక్కువైతే ఎప్పుడూ మంచిదేనా? కాదు. మన ఏతం గుర్తుందా? పొడుగు వైపు ఉన్న బరువు ఎత్తాలంటే పొట్టి వైపు ఎంత తొక్కాలి? రాడ్‌లో మనం ఎప్పుడూ పొట్టి వైపే ఉంటాం. చేప పొడుగు కొసన ఉంటుంది. 10½ అడుగుల రాడ్‌తో పెద్ద డైవర్‌ని లాగితే మణికట్టు మీద, పొట్ట మీద పడే బరువు 7 అడుగులదానికంటే చాలా ఎక్కువ. మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు పెద్ద రాడ్ ఇస్తే, చేప రాడ్‌ని కాదు, అమ్మాయినే లాక్కుపోయింది. ఇప్పుడు పిల్లలకీ, చేతుల్లో బలం తక్కువున్నవాళ్ళకీ లోపలి 8½ రాడే ఇస్తాను. చేప ఏ రాడ్ మీద పడుతుందో మన చేతిలో లేదు గానీ, మా ఇంట్లో ఒప్పందం అది. హోల్డర్లు కూడా చూసుకోండి. పడవ అంచుకి రెండు స్క్రూలతో బిగించిన ప్లాస్టిక్ హోల్డర్లో 10½ పెట్టి పెద్ద డైవర్ వేలాడదీస్తే, ఏదో ఒక రోజు రాడ్, హోల్డర్, రీల్, మూడూ కలిసి సరస్సులోకి వెళ్ళిపోతాయి. మిషిగన్ సరస్సు లోతు ఎక్కువున్న చోట 923 అడుగులు. వెతుక్కోవడానికి వీలుండదు.

ఈరీ సరస్సు సంగతి అడుగుతారని తెలుసు, సగం మంది టొలీడో వైపు వెళ్తారు కదా. అక్కడ పట్టేది వాలై అనే చేప. అక్కడ ఇవన్నీ చాలావరకు మర్చిపోండి. పడమటి భాగం సగటు లోతు 24 అడుగులే. చిన్న డైవర్, లేకపోతే జెట్ డైవర్, చిన్న స్పూన్, 4, 5 అడుగుల లీడర్. చేప కూడా పెనుగులాడే రకం కాదు. నేను తిట్టిన ఈ 7 అడుగుల రాడ్ ఉంది చూశారా, అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 7½ అయితే ఇంకా మంచిది. పారెయ్యకుండా ఎందుకుంచానో అర్థమైంది కదా.

ఇంకా ఒక దొడ్డిదారి ఉంది. స్లైడ్ డైవర్ అని ఒక రకం. దీంట్లో లైను డైవర్ గుండా దూరి పోతుంది. లీడర్ ఎంత కావాలంటే అంత వదిలి అక్కడ డైవర్‌ని బిగిస్తారు, 10 అడుగులు, 20 అడుగులు, మీ ఇష్టం. చేప కొట్టగానే బిగింపు వదిలి, డైవర్ లైను మీద జారుకుంటూ చేప వైపుకి వెళ్ళిపోతుంది. అప్పుడు రాడ్ కొసకి అడ్డం రాదు. మొదటి లెక్క ఇక్కడ వర్తించదు. పడవ చిన్నది, పైన కప్పు ఉంది, పెద్ద రాడ్ తిప్పడానికి చోటు లేదు అన్నవాళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం. కానీ రెండో లెక్క, పక్క లైనుకి ఎడం ఉండాలన్నది, అలాగే ఉంటుంది.

ఏవండీ? ఆ, అడగండి. "రెండు ముక్కల రాడ్ కొనచ్చా, ఒకటే ముక్క ఉండాలా" అంటున్నారు. కొనచ్చండి. ఇప్పుడు వచ్చేవి చాలావరకు పిడిలోకి జారేవో, రెండు ముక్కలవో. కీలు దగ్గర బిగించేటప్పుడు కన్నాలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో కన్ను పెట్టి చూసుకోండి. మధ్యాహ్నానికి ఒకసారి మళ్ళీ చూడండి, వైబ్రేషన్‌కి తిరిగిపోతుంది.

వదినగారు అడుగుతున్నారు, "పులుసు పెట్టుకోవచ్చా" అని. పెట్టుకోవచ్చు, కానీ ఈ సరస్సుల్లో పాతకాలం ఫ్యాక్టరీల రసాయనాలు చేప కొవ్వులో చేరతాయి. ఏ సరస్సులో ఏ చేప ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ పుస్తకం వేస్తుంది, ఉచితం. అది చూసుకోండి. పెద్ద చేపకంటే చిన్న చేప మేలు. చర్మం, పొట్ట కింద కొవ్వు తీసెయ్యండి. చింతపండు మాత్రం తగ్గించకండి, శాల్మన్ జిడ్డు చేప.

వెనక తమ్ముడు అడిగింది అసలు ప్రశ్న. "అన్నా, ఇప్పుడు నాలుగు కొనే డబ్బుల్లేవు, మొదట ఒక జత కొంటే ఏది కొనను?" అని. కింగ్ కోసం వెళ్తావా తమ్ముడూ? అయితే 9½ అడుగులది ఒక జత, మధ్యస్థంగా మెత్తగా ఉన్నది. పక్కకి ఒక్కోటే లాగు. లైను లెక్క చూపించే రీల్ పెట్టు, రీల్ నిండా లైను ఉండాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. లీడర్ 8½ దాటనివ్వకు. మరుసటి ఏడు డబ్బులు చూసుకుని 8½ జత కొను, అవి లోపలికి పెట్టు, నీ 9½ బయటికి పోతాయి. 10½ గురించి మూడో ఏడు ఆలోచిద్దువుగాని. అప్పటికి నీ పడవ ఎంతో, నీ భుజం ఎంతో నీకే తెలుస్తుంది.

టైమైంది, సమోసాలు చల్లారిపోతున్నాయంటున్నారు. పడవ బయట పార్కింగ్‌లో ట్రైలర్ మీదే ఉంది. చలిగా ఉంది గానీ ఐదు నిమిషాలు రండి. ఈ మూడు రాడ్లూ హోల్డర్లలో పెట్టి చూపిస్తాను, టేపు కూడా తెచ్చాను, ఎవరి లీడర్ వాళ్ళు కొలుచుకోవచ్చు. బాబూ, ఆ పెద్ద రాడ్ నువ్వు పట్టుకో. పిడి ముందు, కొస వెనక. తలుపు దాటాక ఆగు, పైన ట్యూబ్‌లైటుంది. పోయినేడు ఒక రాడ్ విరగ్గొట్టాను, చెప్పలేదు కదూ మీకు, సరస్సులో కాదు, మా గరాజ్ తలుపు దిగుతూ కొస మీద పడింది.